పట్టాల కరెంటు మానేసి బ్యాటరీకి మార్చిన పెద్ద స్టీమ్ ఇంజిన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆరుబయట 45 మిల్లీమీటర్ల గేజ్ పట్టాలు వేసి పెద్ద మోడల్ రైళ్లు నడిపేవాళ్లందరికీ ఒకటే తలనొప్పి. ఇత్తడి పట్టా ఎండకీ వానకీ నల్లబడుతుంది, జాయింట్ల దగ్గర కరెంటు సరిగా అందదు. రైలు నడుపుదామని బయటికి వెళ్తే ముందు పట్టాలు తుడవడంతోనే సరిపోతుంది. అందుకే నా 1:20.3 స్కేలు న్యారో గేజ్ ఇంజిన్‌ని బ్యాటరీకి, వైర్‌లెస్ కంట్రోల్‌కి మార్చాను. చూడ్డానికి స్టీమ్ ఇంజినే, లోపలున్నది డీసీ మోటార్. కొన్నేళ్లుగా అలాగే నడుపుతున్నాను. ఇప్పుడు మళ్లీ పట్టాల కరెంటుకి వెళ్లమంటే నా వల్ల కాదు.

అందరూ ముందు అడిగేది రిమోట్ గురించి. నా అనుభవంలో రిమోట్ రెండో సంగతి. ఈ మార్పు బాగా కుదరడం, కుదరకపోవడం బ్యాటరీ మీద, ఇంజిన్‌కీ టెండర్‌కీ (ఇంజిన్ వెనకే ఉండే బొగ్గు, నీళ్ల బండి) మధ్య వెళ్లే వైర్ల మీద ఆధారపడి ఉంటుంది.

నేను వాడుతున్నది నాలుగు 18650 లిథియం అయాన్ సెల్స్ సిరీస్‌లో కలిపిన ప్యాక్. మామూలుగా 14.8 వోల్టులు, ఫుల్ చార్జింగ్‌లో 16.8. పట్టాల మీద 20 వోల్టుల పైన ఇచ్చి నడిపిన వేగం దీంతో రాదు. న్యారో గేజ్ బండికి అంత వేగం అక్కర్లేదు కూడా. సమతలం మీద లైట్లు, సౌండ్ కలుపుకొని ఒక ఆంపియర్ దాకా లాగుతుంది, పెట్టెలన్నీ తగిలించి వంపులో ఎత్తు ఎక్కిస్తే రెండుకి దగ్గరవుతుంది. ప్యాక్ 2600 ఎంఏహెచ్ కాబట్టి రెండు గంటలు హాయిగా నడుస్తుంది. రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకుని మోటార్‌ని నడిపే బోర్డు) కొనేముందు మీ ఇంజిన్ ఎంత లాగుతుందో మీరే కొలుచుకోండి. ఇంజిన్ ముందు ఏదైనా అడ్డం పెట్టి, చక్రాలు పట్టా మీద జారుతూ తిరిగేలా చేసి, ఆ క్షణంలో మల్టీమీటర్ ఎంత చూపిస్తే రిసీవర్ అంతకంటే ఎక్కువ తట్టుకోవాలి.

లోపలి పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది చక్రాల నుంచి కరెంటు తీసుకునే వైర్లన్నీ పూర్తిగా తెంపేయడం. ఒక్కటి మిగిలినా బ్యాటరీ కరెంటు పట్టాల్లోకి పోతుంది. ఆ పట్టాల మీదే ఇంకొకరు పట్టాల కరెంటుతో బండి నడుపుతుంటే రిసీవర్ కాలిపోయే ప్రమాదం ఉంది. మోటార్ దగ్గర రేడియో గోల తగ్గించడానికి కంపెనీవాళ్లు పెట్టే కెపాసిటర్ల బోర్డుని కూడా తీసేశాను. రిసీవర్ మోటార్‌కి కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతుంది కాబట్టి ఆ కెపాసిటర్లు అడ్డుపడతాయి. పొగ యూనిట్ కనెక్షన్ తీసేశాను, అది బ్యాటరీని ఊరికే తాగేస్తుంది. బల్బుల స్థానంలో ఎల్ఈడీలు పెట్టాను.

ఇక టెండర్ వైర్లు. బ్యాటరీ, రిసీవర్, సౌండ్ బోర్డు అన్నీ టెండర్‌లోనే ఉంటాయి. మోటార్‌కి రెండు, హెడ్‌లైట్‌కి రెండు, ఛుక్ ఛుక్ శబ్దాన్ని చక్రాలతో కలిపే సెన్సర్‌కి రెండు, మొత్తం ఆరు వైర్లు ఇంజిన్‌లోకి వెళ్లాలి. ఇంజిన్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ తొడుగు వైర్లు బిరుసుగా ఉండేవి. బిగువైన వంపులో కిందికి వంగి చూస్తే టెండర్ ముందు చక్రం పట్టా మీంచి కాగితం మందాన పైకి లేచేది. రెండు పెట్టెలకి ఏమీ కాదు, బండి పొడుగైతే మాత్రం అక్కడే పట్టా తప్పేది. సిలికాన్ తొడుగున్న మెత్తటి వైర్లు కొంచెం వదులుగా వేశాక ఆ గొడవ పోయింది. ప్లగ్గులు లాక్ పడేవే తీసుకోండి. మామూలువి ఆ కుదుపులకి మెల్లగా జారి, సౌండ్ వస్తూనే బండి ఆగిపోతుంది. తప్పు ఎక్కడుందో వెతకడం చాలా టెన్షన్.

ఛుక్ శబ్దం కోసం ఇరుసు మీద నాలుగు చిన్న అయస్కాంతాలు అంటించి పక్కన రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసే స్విచ్) పెట్టాను. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు రావాలి. నడక వేగంలో, చక్రాల తిరుగుడుకి సరిగ్గా కలుస్తూ ఆ చప్పుడు వింటుంటే మనసు నిండిపోతుంది. పట్టాల కరెంటుతో అంత నెమ్మదిగా నడిపితే మురికి ఉన్నచోటల్లా ఆగిపోయేది.

యాంటెన్నాని లోహం దగ్గరికి రానివ్వకండి. నాది ప్లాస్టిక్ బొగ్గు కుప్ప కింద నిలువుగా ఉంది, 2.4 గిగాహెర్ట్జ్ సెట్‌తో లైను ఆ చివర వరకూ సిగ్నల్ అందుతుంది. సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేస్తుందో మాత్రం మొదటి రోజే చూసుకోవాలి. కొన్ని ఆగిపోతాయి, కొన్ని చివరి వేగంతోనే వెళ్లిపోతాయి. నేను ఆగిపోయేలా సెట్ చేసుకున్నాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. ప్యాక్ లోపలి ప్రొటెక్షన్ బోర్డు బ్యాటరీ ఖాళీ కాగానే ఒక్కసారిగా కరెంటు కట్ చేస్తుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ అయితే ముందు వేగం తగ్గి మనకు సూచన ఇస్తుంది. అందుకని చిన్న వోల్టేజ్ అలారం తగిలించాను. టెండర్ బరువెక్కింది కాబట్టి ఎత్తులో ఒక పెట్టె తక్కువే లాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్యాక్ నడిచే సమయం కూడా తగ్గుతోంది. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచిపెడతాను, సున్నా డిగ్రీల లోపు చలిలో చార్జింగ్ పెట్టను, నల్ల టెండర్‌ని ఎండలో వదలను.

టెండర్ లేని చిన్న ట్యాంక్ ఇంజిన్లకి మాత్రం దీన్ని అంత గట్టిగా చెప్పలేను. బ్యాటరీ వెనక పెట్టెలో పెడితే ఆ పెట్టె ఎప్పుడూ వెంట ఉండాలి, షంటింగ్ (పెట్టెల్ని విడదీసి, అటూ ఇటూ మార్చి తగిలించడం) సరదా పోతుంది. ఇంటి లోపల శుభ్రంగా ఉండే లైన్‌కి డీసీసీయే (పట్టాల కరెంటుతో పాటే డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) సుఖం. బయట లైన్ కొత్తగా వేసేవాళ్లకి మాత్రం బ్యాటరీయే. పట్టా తిరిగి తనలోనే కలిసే లూప్‌లో షార్ట్ సర్క్యూట్ భయం ఉండదు, ఇత్తడి బదులు చవకైన అల్యూమినియం పట్టాలు వేసుకోవచ్చు.

రెండో ఇంజిన్‌కీ ఇదే పద్ధతిలో చేశాను, రెండు మార్పులతో. ఫ్యూజ్‌ని బ్యాటరీ వైరు మొదట్లోనే పెట్టాను. మెయిన్ స్విచ్‌ని, చార్జింగ్ సాకెట్‌ని టెండర్ నీళ్ల మూత కింద దాచాను, ఇంజిన్ తిరగేయకుండానే వేలికి అందుతాయి.