స్టాక్ ఫుటేజ్, వీఎఫ్ఎక్స్ ఎలిమెంట్స్: ఎక్కడ డబ్బులు పెట్టాలి, ఎక్కడ వద్దు

కృష్ణానగర్‌లో ఎడిటింగ్ చేస్తా, షార్ట్ ఫిల్మ్స్, పెళ్లి వీడియోలు, వెంచర్ యాడ్స్, ఏదొస్తే అది. రెడీమేడ్ క్లిప్పులు దొరికే స్టాక్ సైట్లు ఫ్రీవీ పెయిడ్‌వీ ఏళ్ల తరబడి వాడుతున్నా కాబట్టి నా లెక్క చెప్తా: నిప్పు, పొగ, దుమ్ము కొనుక్కోవచ్చు, మనుషుల్ని మాత్రం మనమే షూట్ చేసుకోవాలి.

ముందు ఫ్రీవి. పెక్సెల్స్, పిక్సాబే, మిక్స్‌కిట్. మేఘాలు, సముద్రం, కీబోర్డ్ మీద చేతులు, ఇలాంటివి కావల్సినన్ని. పెక్సెల్స్‌లో అయితే క్రెడిట్ వేయక్కర్లేదు, కమర్షియల్‌గా వాడుకోవచ్చు, ఉన్న క్లిప్‌ని ఉన్నట్టే మాత్రం అమ్మకూడదు. స్పేస్ షాట్ కావాలంటే నేరుగా నాసా సైట్‌కే పొండి, వాళ్ల ఫుటేజ్‌కి మామూలుగా కాపీరైట్ ఉండదు, లోగో మాత్రం మీ యాడ్‌లో పెట్టుకోకండి.

కానీ అసలు తలనొప్పి మన సరుకు దగ్గర. 'ఇండియన్ వెడ్డింగ్' అని కొడితే గుర్రం మీద పెళ్లికొడుకు, సెహ్రా, ఎర్ర లెహంగా, అన్నీ ఉత్తరాది పెళ్లిళ్లే, జీలకర్ర బెల్లం కావాలంటే స్క్రోల్ చేసీ చేసీ వేలు నొప్పి పుట్టాల్సిందే. గుడి అడిగితే తమిళనాడు గోపురాలు వస్తాయి, వరంగల్ క్లయింట్‌కి అది చూపిస్తే 'ఇది మన గుడి కాదు గదా అన్నా' అని మొహం మీదే అంటడు. హైదరాబాద్ అంటే చార్మినార్, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, అయిపోయింది. బతుకమ్మ పేర్చే చేతులు, బోనమెత్తుకున్న అమ్మ, ఇవి పండగప్పుడు మనం తీసి పెట్టుకోవాల్సిందే.

ఎలిమెంట్స్, అంటే మన షాట్ మీద అతికించుకునే నిప్పు, పొగ, దుమ్ము క్లిప్పులు, వాటి సంగతి వేరు. వీడియో కోపైలట్ వాళ్ల యాక్షన్ ఎసెన్షియల్స్ 2 ప్యాక్ పాతదే గానీ చిన్న స్క్రీన్‌కి ఇప్పటికీ పనిచేస్తది. యాక్షన్‌వీఎఫ్ఎక్స్ క్వాలిటీ బాగుంటది, డబ్బులున్న ప్రాజెక్ట్ అయితే నా ఓటు దానికే, కొన్ని ఫ్రీగా కూడా ఇస్తారు. కొనేముందు ఒక్కటే చూడండి, ఆల్ఫా, అంటే వెనకున్నది కనపడేలా క్లిప్‌లో పారదర్శకత, ఉందా లేదా అని. ప్రోరెస్ 4444 ఫార్మాట్ ఫైల్ అయితే ఆల్ఫా ఉండొచ్చు, మామూలు హెచ్.264 ఎమ్‌పీ4లో ఉండదు, అందుకే వాటిని నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఇస్తారు. మంటలకి అది చాలు, సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పుల్ని కలిపే 'స్క్రీన్' మోడ్‌లోనో 'యాడ్' మోడ్‌లోనో పెడితే నలుపు మాయమైపోతది. పొగకి చాలదు. స్క్రీన్ మోడ్ వెలుతురు పెంచుతదే తప్ప తగ్గించదు, కాబట్టి రాత్రి షాట్‌లో అదిరిపోయిన పొగ పట్టపగలు తెల్లటి ఆకాశం ముందు కనపడనే కనపడదు, ఇక నల్ల పొగ అయితే ఆల్ఫా లేకుండా ఆశ వదులుకోండి. చాలామంది కుర్రాళ్లు ఇక్కడే సాఫ్ట్‌వేర్‌ని తిడుతుంటారు, పాపం దాని తప్పేం లేదు.

ఫ్రేమ్ రేట్ కూడా చూసుకోవాలి. చాలా క్లిప్పులు సెకనుకి 29.97 ఫ్రేమ్‌లలో ఉంటాయి, మన టైమ్‌లైన్ 24 లేదా 25. అట్లనే పడేస్తే జర్క్ వస్తది. పొగ, దుమ్ము అయితే క్లిప్‌నే 25గా ఇంటర్‌ప్రెట్ చేయించండి, అంటే ఆ ఫ్రేమ్‌లనే సెకనుకి 25 చొప్పున ఆడించమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి, కొంచెం నెమ్మదిస్తది, ఎవడూ కనిపెట్టడు. నడిచే మనుషులైతే తెలిసిపోతది.

ఇంకో మాట, బడ్జెట్ లేకపోతే పల్చటి పొగ ఇంట్లోనే తీసుకోవచ్చు. నల్ల గుడ్డ కట్టి, ఫ్యాన్ ఆపి, సాంబ్రాణి వేసి, లైట్ పక్కనుంచో వెనకనుంచో కొట్టాలి, గుడ్డ మీద మాత్రం పడకూడదు. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/100 పెట్టండి, ట్యూబ్‌లైట్ కింద కూడా ఫ్లికర్ రాదు. నేను పెయిడ్ వాటికన్నా ఇదే ఎక్కువ వాడతా, పక్కింటి ఆంటీ మాత్రం రోజూ పూజ చేస్తాననుకుంటది.

సబ్‌స్క్రిప్షన్లయితే ప్రాజెక్ట్ ఉన్న నెలే కట్టండి. ఒక కంపెనీ చెప్పాపెట్టకుండా ఏడాదికి రెన్యూ చేసేసింది నాకు, రీఫండ్ కోసం మెయిల్స్ పెట్టీ పెట్టీ విసిగిపోయా, పేరెందుకులే. 'ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ' (వార్తలు, సమాచారం లాంటి వాటికే) అని రాసుంటే ఎంత బాగున్నా యాడ్‌లో వాడొద్దు. డౌన్‌లోడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీ పీడీఎఫ్ తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పడేయండి, క్లయింట్ ఆరు నెలల తర్వాత అడుగుతడు.