సంక్రాంతి ఎనిమిది గంటలు ఆలస్యం: స్కైఫీల్డ్‌తో నా నాలుగేళ్లు

2025 సంక్రాంతికి వారం ముందు నాన్న విశాఖ నుంచి ఫోన్ చేశారు. "ఒరేయ్, నీ కంప్యూటర్ లెక్కలో మకర సంక్రమణం ఎన్నింటికిరా?"

"సాయంత్రం అయిదుంబావుకి."

"పంచాంగంలో పొద్దున్న తొమ్మిది దాటగానే అనుంది. మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. అదే జవాబు. మూడేళ్లుగా వాడుతున్న స్కైఫీల్డ్ అనే ఖగోళ లెక్కల ప్రోగ్రామ్ మీద మొదటిసారి అనుమానం వచ్చింది. రాత్రంతా కూర్చుంటే తేలిందేంటంటే, తప్పు నాదే. విషువత్తు అంటే వసంతంలో సూర్యుడు భూమధ్యరేఖను దాటే చోటు, కొలత మొదలయ్యేది అక్కడే. ఏ ఏటి విషువత్తు నుంచి కొలవాలో చెప్పకుండా రవి స్ఫుటం (ఆకాశంలో సూర్యుడి స్థానం, డిగ్రీల్లో) అడిగితే స్కైఫీల్డ్ 2000 నాటి విషువత్తు నుంచి కొలిచి ఇస్తుంది. నేనేమో అందులోంచి 2025 నాటి లాహిరి అయనాంశ, 24 డిగ్రీల 12 కళలు, తీసేశాను. (అయనాంశ అంటే విషువత్తుకీ, పంచాంగాల్లో మేషరాశి మొదలయ్యే చోటుకీ మధ్య దూరం; లాహిరి దాన్ని లెక్కకట్టే ఒక పద్ధతి. కళ డిగ్రీలో అరవయ్యో వంతు, వికళ కళలో అరవయ్యో వంతు.) విషువత్తు ఏటా సుమారు 50 వికళలు వెనక్కి జరుగుతుంది. పాతికేళ్లకి 21 కళలు, అంత అదనంగా తీసేశానన్నమాట. జనవరిలో సూర్యుడు రోజుకి 61 కళలు నడుస్తాడు కాబట్టి, ఎనిమిది గంటలు పైగా తేడా. ఆ ఫంక్షన్‌లో 'డేట్' (ఆ తేదీ నాటి విషువత్తు నుంచి కొలవమని) అని ఒక్క మాట చేర్చాను. తొమ్మిది దాటగానే అని వచ్చింది.

స్కైఫీల్డ్ బ్రాండన్ రోడ్స్ రాసిన ఉచిత లైబ్రరీ, అంటే పైథాన్ భాషలో మన కోడ్‌లో కలుపుకుని వాడుకునే ప్రోగ్రామ్. అంతకుముందు ఆయనదే ఇంకో లైబ్రరీ, పైఎఫెమ్, వాడేవాణ్ణి. నాసాకి చెందిన జేపీఎల్ ల్యాబ్ వాళ్ల గ్రహస్థానాల ఫైలు డీఈ421, సుమారు 17 ఎంబీ, ఒకసారి దించుకుంటే చాలు. 1900 నుంచి 2050 దాకా సూర్యుడి స్థానం నెట్ లేకుండానే లెక్కకడుతుంది. అమెరికా నేవీ అబ్జర్వేటరీ ఆల్మనాక్‌తో తేడా వికళలో రెండువేలవ వంతు లోపే అని దాని డాక్యుమెంటేషన్‌లో ఉంది. అంత సూక్ష్మం నాకెందుకూ పనికిరాదు.

నాకు నమ్మకం కుదిరింది మేడ మీద. హైదరాబాద్‌లో మే 9న నడినెత్తికి సూర్యుడొస్తాడు. 12:12కి అని లెక్క వచ్చింది. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క తెచ్చి ఎండలో నిలబెట్టాను. 12:05కి పడమటి వైపు చిటికెన వేలి వెడల్పు నీడ ఉంది. చూస్తుండగానే అది సన్నబడి పైపు కిందికి దూరిపోయింది. వంగి లోపలికి చూస్తే అడుగున నేలంతా గుండ్రంగా ఎండ. వాచీలో 12:12. మెడ కాలిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

విసిగించే సంగతులూ ఉన్నాయి. సూర్యోదయం లెక్కలో గాలి వల్ల కాంతి వంగడం (34 కళలు), సూర్యబింబంలో సగం (16 కళలు) కలిపే ఉంటాయి. కానీ అదే క్షణానికి సూర్యుడి ఎత్తు అడిగితే మైనస్ 0.83 డిగ్రీలు, అంటే ఇంకా క్షితిజం కిందే, అంటుంది! ఉష్ణోగ్రత, పీడనం ఇస్తే తప్ప ఆ వంపు కలపదు. మొదట్లో బగ్ అనుకుని ఒక పూటంతా పోగొట్టుకున్నాను. నాన్న పంచాంగంతో మూడు నాలుగు నిమిషాల తేడా కూడా ఇలాంటిదే. అందులో బింబమధ్యం క్షితిజాన్ని తాకడమే ఉదయం, కాంతి వంపు కలపరు.

ఒక మంచి గుణం: టైమ్‌జోన్ లేని టైమ్ ఇస్తే ఒప్పుకోదు, ఎర్రర్ కొట్టి ఆపేస్తుంది. మన టైమ్‌కీ గ్రీనిచ్ టైమ్‌కీ మధ్య ఉన్న అయిదున్నర గంటల తప్పు చేసే అవకాశం అక్కడే పోతుంది. ఊరు మారిస్తే అక్షాంశ రేఖాంశాలు మార్చడం మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి. ఒక రథసప్తమికి నాన్నకి హైదరాబాద్ సూర్యోదయం పంపేశాను. విశాఖలో ఇరవై నిమిషాల ముందే పొద్దు పొడిచింది. ఆ మాట ఇప్పటికీ అంటుంటారు.

అయనాంశ ఇందులో సిద్ధంగా ఉండదు, మనమే రాసుకోవాలి. పంచాంగం పనే ముఖ్యమైతే స్విస్ ఎఫెమెరిస్ నయం, లాహిరి అందులోనే ఉంది. బొమ్మలో ఆకాశం చూడాలంటే స్టెల్లేరియం. కోడ్ రాయడం రానివాళ్లకి స్కైఫీల్డ్ వద్దనే చెబుతాను.

2026 సంక్రమణానికి నేనే ముందు ఫోన్ చేశాను. "మధ్యాహ్నం 3:13, నాన్నా."

"ఉండు," అన్నారు. అవతల పంచాంగం పేజీలు తిరగేస్తున్న చప్పుడు.