స్క్రాబుల్ సెట్: ఓటీపీ చెల్లదు, యూఎఫ్‌ఓ చెల్లుతుంది

వేసవి సెలవుల్లో పిల్లలకు స్క్రాబుల్, అంటే అక్షరాల బిళ్లలతో బోర్డు మీద ఇంగ్లిష్ మాటలు పేర్చే ఆట, కొందామని విజయవాడ బీసెంట్ రోడ్డుకు బయల్దేరేవాళ్లకు ముందే ఒక మాట. ఆట బంగారం, కళ్లు మూసుకుని కొనండి. కానీ డబ్బాలో డిక్షనరీ రాదు. గొడవలన్నీ మొదలయ్యేది అక్కడే.

రూల్స్ కాగితం చెప్పేది బహు పొట్టి. ఎప్పుడూ క్యాపిటల్‌తో రాసే పేర్లు, పొడి అక్షరాలు, హైఫన్‌తోనో అపాస్ట్రఫీతోనో రాసే మాటలు చెల్లవు. ఏ డిక్షనరీ చూడాలో ఆటకు ముందే మీలో మీరు ఒప్పుకోవాలి. ఇక ఒకళ్లు ఓటీపీ పెట్టి ‘రోజూ వాడేదేగా’ అంటారు. అది చెల్లదని తీసేయించిన మనిషే తర్వాతి వంతులో లేజర్ పెడితే, ‘మరి ఇదీ పొడి అక్షరాలేగా?’ అని ఎదురు ప్రశ్న. ప్రశ్నలో న్యాయముంది. లేజర్, రాడార్, సోనార్, స్కూబా అన్నీ పొడి అక్షరాల్లోంచి పుట్టినవే. అన్నీ చెల్లుతాయి. లేజర్ అయితే తోక కత్తిరించుకుని ‘లేజ్’ అనే క్రియ కూడా అయింది. లేజ్డ్, లేజింగ్ కూడా వేసుకోవచ్చు.

మాటలా పలికితే చెల్లుతుంది, అక్షరాలుగా పలికితే చెల్లదు అని చాలా ఇళ్లలో ఒక లెక్క నడుస్తుంది. అది రెండు వైపులా బెడిసికొడుతుంది. ఇస్రో, నాసా నోటికి మాటల్లాగే వస్తాయి, కానీ సంస్థల పేర్లు కాబట్టి చెల్లవు. యూఎఫ్‌ఓని అక్షరం అక్షరం పలుకుతాం, అయినా చెల్లుతుంది, పైగా ఎస్ చేర్చి బహువచనం కూడా చేసుకోవచ్చు. కాబట్టి చెవిని నమ్మకండి, జాబితా చూడండి.

ఏ జాబితా అంటే, మన దేశంలో పోటీలు ఆడేవాళ్లు వాడే కాలిన్స్ స్క్రాబుల్ వర్డ్స్. 2019 ముద్రణలో 2,79,496 మాటలున్నాయి. మామూలు కాలిన్స్ ఇంగ్లిష్ డిక్షనరీ దీనికి బదులు కాదు. అందులో ఏటీఎం కూడా కనిపిస్తుంది, పక్కన అబ్రివియేషన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాదించేవాళ్ల వేలు ఆ చిన్న అక్షరాల మీదే ఉంటుంది, కనపడకుండా! పైగా ఒకే మాటకు ఒక డిక్షనరీ నామవాచకమంటే ఇంకోటి అబ్రివియేషన్ అనొచ్చు. గూగుల్‌లో వెతకడమైతే అసలు వద్దు, అక్కడ దొరకనిదంటూ ఉండదు. పుస్తకం కొనలేకపోతే కాలిన్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో స్క్రాబుల్ చెకర్ ఉచితంగా ఉంది, ఫోన్‌లో చాలు.

ముద్రణ ఏ సంవత్సరానిదో కూడా చూసుకోండి. ఓకే (OK) అనే రెండక్షరాల మాట 2019లో గానీ కాలిన్స్ జాబితాలోకి ఎక్కలేదు. నాలుగక్షరాల ఓకే (OKAY) అంతకుముందు నుంచే ఉంది. సెకండ్ హ్యాండ్‌లో 2014 పుస్తకం దొరికిందని తెచ్చుకుంటే, ఆరు పాయింట్ల ఓకే దగ్గర ఫోన్‌కీ పుస్తకానికీ పేచీ వస్తుంది.

ఉద్యోగుల ఇళ్లలో ఆడితే తమాషా ఇంకోటి. డీఏ, టీఏ రెండూ చెల్లుతాయి, కానీ కరవు భత్యం, ప్రయాణ భత్యంగా కాదు: మొదటిది బర్మా కత్తి, రెండోది థాంక్స్ అనడానికి బ్రిటిష్ వాళ్ల వాడుక. బీఏ చెల్లేది డిగ్రీగా కాదు, పాత ఈజిప్టువాళ్ల నమ్మకంలో ఆత్మ పేరుగా. ఈ ఊరి ఇంటర్ పిల్లలు ఎగిరి గంతేసేది మాత్రం జేఈఈకి. అది పరీక్షతో సంబంధం లేని పాత క్రియ, విలువ పది పాయింట్లు. ఎదుటివాళ్ల దగ్గర పీ ఉంటే దాన్ని జీప్ చేసి పదమూడు పట్టుకుపోతారు, జాగ్రత్త.

తెలుగు గళ్ల నుడికట్టులో ఈ తలనొప్పి తక్కువ. ఎమ్మెల్యే మూడు గళ్లలో దర్జాగా కూర్చుంటాడు, ఎమ్మార్వో కూడా అంతే. ఇంగ్లిష్ బోర్డు మీద ఎమ్మెల్యేకు చోటు లేదు.

ఛాలెంజ్‌కి, అంటే ఎదుటివాళ్ల మాట చెల్లదని అడ్డుపడటానికి, శిక్ష ఎంతో కూడా ముందే అనుకోండి. తప్పుగా ఛాలెంజ్ చేస్తే వంతు పోతుందని పెడితే భయపడి ఎవరూ నోరెత్తరు, ఓటీపీలు దర్జాగా నిలబడిపోతాయి. శిక్షే లేకపోతే ప్రతి మాటకీ అడ్డు తగులుతారు, ఆట సాగదు. అయిదు పాయింట్ల కోత సరిగ్గా సరిపోతుంది.

ఇక సరుకు సంగతి. అసలు సెట్‌తో పాటు వేరే పేర్లతో నకళ్లు కూడా దొరుకుతాయి. అట్టముక్కల అక్షరాలు వద్దు, మే నెలలో ఫ్యాన్ లేకుండా ఆడలేం, ఫ్యాన్ వేస్తే అవి బోర్డు మీద నిలవవు. ప్లాస్టిక్ బిళ్లలైతే అక్షరం మీద వేలు రాసి చూడండి. గాడి చేతికి తగులుతుంటే సంచిలో చెయ్యి పెట్టినవాళ్లు ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్లను తడిమి పట్టేస్తారు. మొత్తం బిళ్లలు వంద ఉండాలి: ‘ఈ’ (E) అక్షరానివి పన్నెండు, ఎస్ నాలుగు, ఖాళీవి రెండు, క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. నకళ్లు కొంటే ఈ లెక్క కౌంటర్ దగ్గరే చూసుకోండి, ఎస్‌లు ఎక్కువేసి క్యూ మర్చిపోయిన సెట్‌తో పాయింట్ల లెక్కే తప్పుతుంది.