మెడికల్ కోడింగ్ కోర్సులో చేరే ముందు ఇది చదవండి

రాజోలు, అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి. మేము పోగొట్టుకున్నది చాలు.

మా చెల్లి బీఎస్సీ జువాలజీ చదివింది. కంప్యూటర్, హాస్పిటల్ ఆఫీసు పనులు, మెడికల్ కోడింగ్ (రోగుల జబ్బులను, చికిత్సలను బిల్లుల కోసం కోడ్లుగా రాసే పని) కలిపి ఆరు నెలల్లో నేర్పిస్తామని, హైదరాబాదులో ఉద్యోగం ఖాయమని చెప్పిన ఒక ప్రైవేటు సంస్థలో చేరింది. ఫీజు 65,000 రూపాయలు. నాన్న రెండు దింపుల కొబ్బరి డబ్బు పోగుచేసి 20,000 కట్టారు. మిగతాది వాయిదాల్లో కట్టవచ్చన్నారు.

అసలు మోసం ఆ వాయిదాల దగ్గరే జరిగింది. కౌంటరులో ఉన్న అమ్మాయి నాన్న ఆధార్, పాన్ కార్డులు తీసుకుంది, ట్యాబులో ఫొటో తీసింది. "మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చెప్పండి బాబాయ్ గారూ" అంది. నాన్న చదివి చెప్పారు. ఆ ఓటీపీతో ఒక రుణ సంస్థలో నాన్న పేరు మీద 45,000 అప్పు మంజూరై, సొమ్ము నేరుగా ఆ కోర్సు సంస్థ ఖాతాలో పడింది. మా చేతికి ఒక్క కాగితమూ ఇవ్వలేదు. నాలుగో నెలలో క్లాసులు ఆగిపోయాయి. వాయిదా మాత్రం ప్రతి నెలా నాన్న ఖాతాలోంచి పోతూనే ఉంది. ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పింది. తర్వాత పంట రుణానికి బ్యాంకుకు వెళితే, సిబిల్ స్కోరు తగ్గిందని నాన్నను వెనక్కి పంపారు. అక్కడ ఆయన తల దించుకుని నిలబడడం నేను కళ్లారా చూశాను.

ఇక చదువు సంగతి. వాళ్లు ఇచ్చిన పుస్తకం 2019 నాటి కోడ్ పుస్తకానికి జిరాక్స్. అమెరికా ఆసుపత్రుల బిల్లులకు వాడే ఐసీడీ-10-సీఎం కోడ్లు (జబ్బులకు ఇచ్చేవి) ఏటా అక్టోబరు 1న మారతాయి, సీపీటీ కోడ్లు (చికిత్సలకు ఇచ్చేవి) జనవరి 1న మారతాయి. చెల్లి హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళితే ఒక రోగి రికార్డు ఇచ్చి కోడ్ చేయమన్నారు. టైప్ 2 మధుమేహం, దానితో పాటు మూత్రపిండాల వ్యాధి 3ఏ దశ. తను ఈ11.9 (చిక్కులేవీ లేని మధుమేహం), ఎన్18.3 (మూత్రపిండాల వ్యాధి 3వ దశ) అని రాసింది. రెండూ తప్పే. ఈ రెండు జబ్బులూ ఒకే రికార్డులో ఉన్నప్పుడు, వాటికి సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప, సంబంధం ఉన్నట్టే కోడ్ చేయాలి. అంటే మధుమేహం వల్ల మూత్రపిండాల వ్యాధి అని చెప్పే ఈ11.22 రాయాలి. ఇక ఎన్18.3ను 2020 అక్టోబరులోనే మూడు కోడ్లుగా విడగొట్టారు, 3ఏ దశకు ఎన్18.31 రావాలి. పాత పుస్తకంలో ఆ కోడే లేదు. పిల్ల తెలివితక్కువది కాదు, తనకు నేర్పినదే తప్పు.

గోడకు వేలాడదీసిన "ప్రభుత్వ గుర్తింపు" పత్రం కూడా తర్వాత జాగ్రత్తగా చదివాను. అది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారం ఎవరు పెట్టుకున్నా ఆధార్‌తో ఉచితంగా వచ్చేది. కోర్సు నాణ్యతకూ దానికీ సంబంధం లేదు. పక్కనే ఉన్న ఐఎస్‌ఓ పత్రమూ అంతే.

చేరే ముందు ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: చివర్లో చేతికి వచ్చే సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది? ఈ రంగంలో కంపెనీలు గుర్తించే సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్‌ను ఏఏపీసీ అనే అమెరికా సంస్థ మాత్రమే ఇస్తుంది. దాని పరీక్షకు 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, పుస్తకాలు చూసుకుని రాయవచ్చు, 70 శాతం మార్కులు రావాలి. ఆ పరీక్ష రుసుము ఫీజులో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. డిగ్రీ ఇస్తామంటే మాత్రం ఆ విశ్వవిద్యాలయం పేరు యూజీసీ వెబ్‌సైటులో చూడండి, నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. మా చెల్లి పదో తరగతి మెమో కోసం మేము ఐదుసార్లు తిరిగాము.

ఓటీపీ చెప్పే ముందు అది దేనికో అడగండి. అప్పు అని తేలితే వడ్డీ, రుసుములు అన్నీ ఉన్న వివరాల పత్రం ఇవ్వమనండి. డిజిటల్ రుణాలకు ఆ పత్రం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. తీసుకున్న కొద్ది రోజుల్లోనే అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి అప్పు రద్దు చేసుకునే గడువు కూడా ఉంటుంది. మాకు అది తెలిసేసరికే గడువు దాటిపోయింది.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవారు రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. కోర్సు సంస్థ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, రుణ సంస్థ మీద ముందు వాళ్లకే రాసి, స్పందన లేకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. రిజర్వు బ్యాంకు నంబరు 14448. మేము రెండు చోట్లా ఫిర్యాదు చేశాము. నాన్న పేరు మీద ఇంకా ఏడు వాయిదాలు మిగిలి ఉన్నాయి.