టిక్కు టిక్కు శబ్దం ఎక్కడిదో చెప్పిన మెకానిక్ స్టెతస్కోపు: ఆరేళ్ల వాడకం తర్వాత

డాక్టర్ల స్టెతస్కోపులో ఛాతీకి ఆనించే బిళ్ల ఉన్నచోట జానెడు ఇనుప కడ్డీ ఉంటే అదే మెకానిక్ స్టెతస్కోపు. 2019లో ఆరు వందల రూపాయల లోపే కొన్నాను. కొనడానికి కారణం మా పెట్రోలు కారే.

అప్పటికి బండి 90,000 కిలోమీటర్లు దాటింది. చలికాలం ఉదయాన స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్కు టిక్కుమని మొదలై, యాక్సిలరేటర్ నొక్కితే వేగం పెరిగి, ఇంజన్ వేడెక్కేసరికి మాయమయ్యేది. ఆయిలు సరిపడా ఉంది. చూపించిన షెడ్డులో టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) పోయాయని, హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పాలని చెప్పారు. అంత పని పెట్టుకునే ముందు శబ్దం కచ్చితంగా ఎక్కడ పుడుతోందో తెలుసుకోవాలనిపించింది.

కడ్డీ కొనను టాపెట్ కవర్ మీద నాలుగు సిలిండర్ల దగ్గరా ఆనించి విన్నాను. అన్నిచోట్లా కుట్టుమిషన్ నడిచినట్టు ఒకే తీరు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా టిక్కుమంటాయి గాని అది వాటి సహజ శబ్దం. నాలుగూ ఒకేలా పలికాయి కాబట్టి వాటినీ పక్కన పెట్టాను. ఆ తర్వాత కడ్డీని ఊడదీసి, ఉత్త రబ్బరు గొట్టాన్ని హెడ్‌కూ, సిలిండర్ల పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ మధ్య అతుకు వెంబడి, రెండు వేళ్ల దూరంలో మెల్లగా జరుపుకుంటూ పోయాను. నాలుగో సిలిండర్ దగ్గరికి రాగానే ఫట్ ఫట్‌మని గాలి దెబ్బ చెవిలో తగిలింది. ఇంజన్ చల్లారాక రేకు కవచం విప్పి టార్చి వేసి చూస్తే, ఆ అతుకులోని ప్యాకింగ్ అంచున వేలెడు పొడవు నల్లటి మసి చార, దాని పక్కనే విరిగిన స్టడ్డు (బిగింపు బోల్టు) కనిపించాయి.

చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ తన్నుకొస్తోంది. లోహం వేడికి వ్యాకోచించగానే సందు మూసుకుపోతోంది. ఒక సిలిండర్ పొగ వదిలేదీ, దాని వాల్వు కొట్టుకునేదీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లకు ఒక్కసారే కాబట్టి, బయటి నుంచి చెవితో వింటే రెండింటి లయా ఒకటే. టాపెట్లను అనుమానించడంలో ఆ షెడ్డువారి తప్పు కూడా అంతగా లేదని నాకు అప్పుడే అర్థమైంది. మరో మెకానిక్ విరిగిన స్టడ్డును తీసి, కొత్తది బిగించి, ప్యాకింగ్ మార్చాడు. హెడ్ విప్పే పని లేకపోయింది. ఇప్పుడు బండి 1,40,000 దాటింది, ఆ శబ్దం మళ్లీ రాలేదు.

లోపాలు కూడా చెప్పాలి. చెవుల్లో పెట్టుకునే బుడిపెలు గట్టివి, పది నిమిషాలకే నొప్పి పుడుతుంది. మూడో ఏటికే రబ్బరు గొట్టం పగుళ్లు వచ్చి మార్చాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, ఇనుము శబ్దాన్ని దూరం మోస్తుంది కనుక మొదటి వారంలో ఎక్కడ ఆనించినా అక్కడే జబ్బు ఉన్నట్టు తోస్తుంది. బాగున్న ఇంజన్ మీద కొన్నాళ్లు విని, సహజమైన చప్పుడుకు చెవిని అలవాటు చేయడం తప్ప దీనికి మార్గం లేదు. బెల్టు, ఫ్యాను, కాయిల్ వైర్ల దగ్గరికి కడ్డీని గాని, వేలాడే గొట్టాన్ని గాని పోనివ్వకూడదు. కింది నుంచి దబ్‌దబ్‌మని బరువైన శబ్దం వస్తుంటే మాత్రం స్టెతస్కోపు తీయవద్దు. వెంటనే ఇంజన్ ఆపి, బండిని లాగించుకుని షెడ్డుకు తీసుకువెళ్లండి.