గ్యాస్ లైన్‌కి ఏది మేలు: కాలినడకా, పిగ్గా? అనుభవమా, కాగితమా?

కోనసీమలో తాటిపాక, మామిడికుదురు వైపు ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. "మా చేను కింద నుంచి లైన్ పోతోంది కదండీ. ఆ కర్ర పట్టుకుని నడిచే కుర్రాడి వల్ల మాకు భరోసానా, లైన్ లోపలికి పంపుతారంటారే, ఆ మిషన్ వల్లా?" ఆ మిషన్‌నే మేం పిగ్ అంటాం, లైన్‌లోని గ్యాస్ ఒత్తిడే దాన్ని ముందుకు తోస్తుంది. గ్యాస్ లైన్ల మెయింటెనెన్స్‌లో 20 ఏళ్లకు పైగా పనిచేశాను గనక అడుగుతారు. విస్తరి ముందు కూర్చుని సగం సగం చెప్పడం నాకే బాగోలేదు. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాను.

మన దగ్గర ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో 18 అంగుళాల లైన్ పగిలి మంటలు ఊరి మీద పడ్డాయి. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. బావి సంగతి వేరు, లైన్ సంగతి వేరు. నాకు తెలిసింది లైన్ పని, దాని గురించే మాట్లాడతాను.

ముందు నడిచే కుర్రాడి వైపు నుంచి చూద్దాం. డెల్టాలో లైన్ వాకర్‌కి ఒక వసతి ఉంది. మెట్టలో సన్నని లీకు పట్టాలంటే చేతిలో డిటెక్టర్ ఉండాలి. మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు చేలో నిలిచిన నీరే ఆ పని చేస్తుంది. ఊడ్చిన చేలో ఒకే చోట బుడగలు ఆగకుండా లేస్తున్నాయంటే అనుమానించాలి. మామూలు చేలో కూడా కుళ్లిన మోళ్ల వల్ల బుడగలు వస్తాయి గానీ, అవి కాలు వేసినప్పుడు నాలుగు లేచి ఆగిపోతాయి. లీకు బుడగ ఆగదు. పచ్చటి చేను మధ్య ఒక్క చోటే మొక్క పసుపెక్కినా, బోదె గట్టు దగ్గర బుస్సుమని సన్నని శబ్దం వినిపించినా ముందుగా తెలిసేది ఆ కుర్రాడికే. లేదంటే తెల్లారే నీరు పెట్టడానికి వెళ్లిన రైతుకి. "ఆయ్, నిన్నటి నుంచి బుడగలొస్తున్నాయండి" అని రైతు చెప్పే మాటకి విలువ ఇవ్వాలి. సహజ వాయువుకి దానంతట దానికి వాసన ఉండదు. వంట సిలిండర్ వాసన వస్తేనే లీకు అనుకుంటే మోసపోతాం.

వాకర్ మాత్రమే ఆపగలిగిన ప్రమాదం ఇంకొకటి ఉంది, తవ్వకం. రొయ్యల చెరువుకో, ఇంటి పునాదికో, రోడ్డు పక్క కేబుల్‌కో పొక్లెయిన్ దిగిందంటే గంటలో పని అయిపోతుంది. తవ్వేముందు లైన్ల వాళ్లకి తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. ఆ యాప్ సంగతి పొక్లెయిన్ డ్రైవరుకి తెలియనంతవరకూ కాపలా మనిషిదే. 1962 నాటి చట్టం ప్రకారం లైన్ కోసం తీసుకున్న పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి చెట్టు ఖరీదు తెలిసిన కోనసీమ రైతుకి ఆ నేల ఖాళీగా వదలడం ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా వదలాలి. వేరు పైపు పూతని చీలుస్తుంది, చెట్టు నీడలో మార్కర్ రాయి కనపడకుండా పోతుంది.

ఇంతా చెప్పి కూడా, రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను పిగ్‌నే ఎంచుకుంటాను. కారణం నీరు.

నగరం గ్రామంలో పైపుని తుప్పు లోపలి నుంచి తినేసింది. పొడి గ్యాస్ కోసం వేసిన లైన్‌లో నీటితో కూడిన గ్యాస్ నడిచిందని విచారణలో తేలింది. గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లం అవుతుంది. నీరు బరువు గనక పైపు అడుగుకి చేరుతుంది. లైన్ కిందికి దిగి మళ్లీ పైకి లేచే చోట నిలిచిపోతుంది. మన డెల్టా చూడండి, అడుగడుగునా కాలువ, డ్రెయిన్, నదీపాయ. దాటిన ప్రతి చోటా లైన్ కిందికి దిగి లేవాల్సిందే. నీరు నిలవడానికి ఇన్ని చోట్లున్న నేల మీద, పైన ఎంతమంది నడిచినా పైపు అడుగున ఏం జరుగుతోందో తెలియదు. బయటి తుప్పుకి కాథోడిక్ ప్రొటెక్షన్ ఉంది, అంటే పైపుకి సన్నగా కరెంటు ఇచ్చి తుప్పు ఆపడం. రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే మైనస్ 0.85 వోల్టులు, లేదా అంతకన్నా ఎక్కువ మైనస్‌లో ఉంటే సరే అంటాం. ఆ రీడింగ్ ఎంత బాగున్నా లోపలి గోడ గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం కార్ల్స్‌బాడ్ దగ్గర 2000 ఆగస్టు 19న 30 అంగుళాల గ్యాస్ లైన్ పగిలింది. నది ఒడ్డున గుడారాలు వేసుకున్న 12 మంది చనిపోయారు. అక్కడా లోపలి తుప్పే కారణం. పగిలిన ముక్కలో పిగ్ నడిచే వీలే లేదు.

పిగ్ అనగానే అందరూ ఇంటెలిజెంట్ పిగ్ గురించే అడుగుతారు. అది గొప్ప పరికరమే. అయస్కాంతంతో గోడ మందం ఎక్కడెక్కడ తగ్గిందో, గడియారం లెక్కన ఏ స్థానంలో తగ్గిందో చెబుతుంది. లోపలి నష్టాలు 6 గంటల స్థానంలో వరసగా కనిపించాయంటే అడుగున నీరు కూర్చుందని అర్థం. కానీ అది కొన్నేళ్లకోసారి వచ్చే పెద్ద డాక్టరు లాంటిది. నా లెక్కలో అసలు పని లోపలి నీటిని, మడ్డిని తోసుకొచ్చే మామూలు క్లీనింగ్ పిగ్‌ది. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయకపోతే సార్వాకి నీరు పారదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లైన్‌కి కూడా ఆ పూడిక తీత వేళ తప్పకుండా జరగాలి.

పిగ్ వేస్తే సరిపోదు, అది చివర వచ్చి చేరే తలుపున్న గొట్టం, అంటే రిసీవర్‌లో ఏం వచ్చిందో కొలవాలి. ఎన్ని లీటర్ల నీరు, ఎంత మడ్డి, రంగు ఏమిటి, ల్యాబ్‌లో ఇనుము, క్లోరైడ్, బ్యాక్టీరియా ఎంత. కిందటిసారి 10 లీటర్లు, ఈసారి 60 అయితే ఎగువన గ్యాస్‌ని ఆరబెట్టే యూనిట్ సరిగా పనిచేయట్లేదేమో చూడాలి. కొలవకుండా డ్రమ్ములో పోసి పంపేస్తే పిగ్ నడిపిన ఫలితం సగం పోయినట్టే.

మిగతావి క్లుప్తంగా. డ్రోన్ వరదల్లో లంకల వైపు మనిషి వెళ్లలేనప్పుడు పనికొస్తుంది, వాకర్‌కి బదులు కాదు. నీటి ఒత్తిడి పరీక్ష కొత్త లైన్‌కి తప్పనిసరి. నడుస్తున్న లైన్‌కైతే గ్యాస్ ఆపాలి, పైగా నింపిన నీరంతా మళ్లీ ఆరబెట్టాలి. పూత దెబ్బతిన్న చోట్లు పట్టడానికి నేల పైనుంచి చేసే సర్వే బయటి తుప్పుకే. పాత లైన్‌లో బిగువు వంపులుండి పిగ్ నడవకపోతే, నీరు నిలిచే చోట్లు లెక్కగట్టి తవ్వి గోడ మందం కొలవడమే దారి.

ఇక కుర్ర ఇంజనీర్లు అడిగే రెండో ప్రశ్న. అనుభవం ఉన్న చెయ్యి మేలా, రాసిపెట్టిన ప్రొసీజర్ మేలా? దీనికి ఒక రోజు జరిగింది చెబుతాను.

అప్పటికి నేను చేరి మూడేళ్లు. పిగ్ వచ్చింది, రిసీవర్ తలుపు తీయాలి. వాల్వులు మూశాం, లోపలి గ్యాస్ బయటికి పోయే వెంట్ తెరిచాం, శబ్దం ఆగింది, గేజ్ సున్నా చూపించింది. మా సీనియర్ స్పానర్ అందుకున్నారు. నేను చేతిలో కాగితం పట్టుకుని వరస చదువుతున్నాను.

"ఏమయ్యా, వందసార్లు తీసిన తలుపు. కాగితం చూసి తీయాలా?" అన్నారు.

"ఒక్కటే మిగిలింది గురువుగారూ, చదివేస్తాను" అన్నాను.

మిగిలిన ఆ ఒక్కటీ ఇది: గేజ్ సున్నా ఉన్నా సరే, తలుపుకున్న బ్లీడ్ స్క్రూ కొద్దిగా వదులు చేసి చూడాలి, ఎవరూ తలుపుకి ఎదురుగా నిలబడకూడదు. ఆయన విసుక్కుంటూనే పక్కకి జరిగి స్క్రూ తిప్పారు. బుస్సుమంటూ గ్యాస్ వచ్చింది. నిమిషాలు గడిచినా ఆగలేదు. తర్వాత విప్పి చూస్తే గేజ్‌కి వెళ్లే సన్న గొట్టంలోనూ, వెంట్ నోట్లోనూ నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంది. లోపల ఒత్తిడి ఉంది, గేజ్‌కి అది తెలియలేదు.

24 అంగుళాల తలుపు మీద చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడి మిగిలినా మొత్తం తోపు 14 టన్నులు దాటుతుంది. ఆ తలుపు ముందు మా నలుగురిలో ఎవరం ఉన్నా ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నేను కాగితం వైపే. మంచి చెయ్యికి పని బాగా జరిగిన రోజులన్నీ గుర్తుంటాయి. గేజ్ అబద్ధం చెప్పే రోజు అందులో ఉండకపోవచ్చు. ఆ వరసలోకి మాత్రం అది ఎక్కడో ఎవరికో జరిగినందువల్లే ఎక్కి ఉంటుంది. రిసీవర్‌లోని నల్లపొడిని తడిపి ఉంచాలన్న వాక్యమూ అలాంటిదే. అందులో ఐరన్ సల్ఫైడ్ ఉంటే గాలి తగలగానే దానంతట అదే రాజుకుంటుంది. అది నేను కళ్లతో చూడలేదు, చూడాలనీ లేదు.

అయితే అనుభవాన్ని పక్కన పెట్టమనను. మరుసటి వారం ఆ సీనియరే వచ్చి, పిగ్ వేసేముందే గేజ్ గొట్టం, వెంట్ శుభ్రం చేయాలన్న వాక్యాన్ని ప్రొసీజర్‌లో మొదట చేర్పించారు. ఆ వాక్యం ఆఫీసులో కూర్చున్నవాడికి తోచదు. ఇక ఆడిట్ ముందు రాత్రి ఒకే పెన్నుతో నెలంతటికీ టిక్కులు పెట్టే కాగితం ఉందే, దానికన్నా కాగితం లేకపోవడమే నయం. లేకపోతే కనీసం లేదని తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 2010 సెప్టెంబరు 9న లైన్ పగిలి 8 మంది చనిపోయారు. అక్కడి రికార్డుల్లో ఆ పైపుకి అతుకు లేదని రాసి ఉంది. పగిలింది అతుకు దగ్గరే. మన లైన్లలో కూడా వాల్వు మార్చి నంబరు మార్చని కాగితాలు నేను చూశాను. అలాంటిది కనిపిస్తే పని ఆపి, కాగితం సరిదిద్ది, అప్పుడు మొదలుపెట్టాలి. గంట ఆలస్యమైతే అవనివ్వండి.

ఊళ్లో భద్రతా అవగాహన సమావేశం పెట్టినప్పుడు "లైన్ భద్రంగా ఉందా?" అని అడగకండి. ఉందనే అంటారు. చివరిసారి క్లీనింగ్ పిగ్ ఏ తేదీన వేశారు, ఎన్ని లీటర్ల నీరు వచ్చింది, అంతకుముందు ఎంత వచ్చింది, ఆ మూడూ అడగండి. రిజిస్టరు తెరిచి చదివి చెప్పగలిగితే ఆ లైన్‌ని చూసుకునేవాళ్లు ఉన్నారని నేను నమ్ముతాను.