సూదులతో పేచీ లేదు, ఫారంతోనే

మా ఆఫీసు ఆరోగ్య ప్రయోజనాల్లో నొప్పులకు ఆక్యుపంక్చర్ చేర్చి చాలా కాలమైంది. నడుం నొప్పికి నేను మొదటి నుంచీ వాడుతున్నాను. గుచ్చితే నొప్పెడుతుందా అని అందరూ అడుగుతారు. పావు మిల్లీమీటరు లావుండే సూదులు, చీమ కుట్టినంతే. నా కోపమంతా రెన్యువల్ ఫారం మీద.

మొదటి విడత సిట్టింగులు అడగ్గానే ఇస్తారు. తర్వాతవి కావాలంటే గుణం కనిపించాలి. ఆ రూలును తప్పుపట్టను. అమెరికాలో ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులు ఇచ్చి, మెరుగైతేనే మరో 8 ఇస్తోంది. అసలు తంటా ఆ గుణాన్ని కొలిచే తీరులో ఉంది. మా ఫారంలో ఒకటే గడి: నొప్పి 0 నుంచి 10లో ఎంత? మొదట 6 రాశాను, విడత అయ్యాక 5. ‘చెప్పుకోదగ్గ మార్పు లేదు’ అని తిప్పికొట్టారు.

మీటింగు మధ్యలో లేచి గోడకు ఆనుకోవాల్సిన అవసరం తప్పింది. రాత్రి పక్కకు తిరిగితే మెలకువ రావడం లేదు. రోజూ ఇదివరకటి కన్నా ఎక్కువ నడుస్తున్నాను. నొప్పి కాస్త తగ్గగానే మనిషి ఇంకో నాలుగు పనులు చేస్తాడు, మరి అంకె ఎక్కడ దిగుతుంది? హెచ్‌ఆర్‌లో ఇదే చెబితే, "గడిలో ఉన్నదే చూస్తారండీ" అన్నారు.

దారి చూపింది సూదులు పెట్టే డాక్టరమ్మ. ఆస్వెస్ట్రీ ప్రశ్నావళి అని ఒకటుంది. కూర్చోవడం, నడవడం, నిద్ర, బరువులెత్తడం లాంటి 10 అంశాలు, ఒక్కోదానిలో ఎంత ఇబ్బందో దాన్ని బట్టి 0 నుంచి 5 మార్కులు, చివరికి శాతం. ఎంత తక్కువైతే అంత మేలు. ఆవిడ మొదటి సిట్టింగులోనే నాచేత నింపించి దాచింది. మళ్లీ నింపితే 44 శాతం కాస్తా 26కి దిగింది. రెండూ జతచేసి పంపితే మంజూరు చేశారు. ఈలోపు సిట్టింగులు ఆగిపోయి నడుం మళ్లీ బిగుసుకుంది, అది వేరే కథ.

అంతా సూదుల చలవేనని ఘంటాపథంగా చెప్పలేను. ఫిజియో చెప్పిన వ్యాయామాలూ అప్పుడే మొదలుపెట్టాను. పైగా ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరీక్షల్లో తేడా చిన్నదే. ఏ సూదీ పెట్టించుకోనివాళ్లతో పోల్చినప్పుడే అది పెద్దగా కనిపిస్తుంది.

నాది కూర్చుని చేసే ఉద్యోగం, రక్తం పలచబడే మందులేవీ వాడను, పనివేళల్లో వెళ్లొస్తానంటే మేనేజరు అడ్డుచెప్పడు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి వచ్చే ఏడాదీ ఇదే ఎంచుకుంటాను. మీరూ తీసుకుంటే మాత్రం మొదటి సూది పడకముందే ఆ ప్రశ్నావళి నింపి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.